గుండ్రటి మూలలు

ఫేబే సంచిలో రెండు చీరలు పెట్టింది. మూడోది పెట్టాలా వద్దా అన్నట్టు చేతిలో పట్టుకుని నిలబడింది.

గుమ్మం దగ్గర నుంచి అది చూస్తున్న ప్రేమావతికి కాలు కదల్లేదు. రెండు చీరలతో వెళ్తే కోడలు వారంలోపు తిరిగొస్తుంది. మూడోది కూడా పెడితే ఏమిటర్థమో ఆలోచించడానికే ఆవిడకి ధైర్యం చాలలేదు. ఫేబే ఆ చీర మడత సరిచేసి మళ్ళీ బీరువాలోనే పెట్టేసింది. ప్రేమావతి లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. అంతలోనే, చెప్పుకునే మొహం తనకెక్కడిదని సిగ్గుపడింది.

తొమ్మిదయింది. పొద్దుటి నుంచి డాలీగంజ్ మీద ఒకటే వాన. నెలలో మొదటి ఆదివారం, చర్చిలో ప్రభుబల్ల ఇచ్చే రోజు. జ్వరమొచ్చినా, తుఫానొచ్చినా, ఆఖరికి భర్త దేవప్రసాద్ చనిపోయిన నెలలో కూడా ప్రేమావతి బల్ల తప్పలేదు. ఈ రోజూ తెల్లచీర కట్టుకుంది, బైబిలు తీసుకుంది, మెట్లు దిగింది, గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే ముందు వాళ్ళతో సమాధానపడి, ఆ తరవాతే రొట్టె ముట్టుకోమని చర్చి అయ్యగారు ప్రతి నెలా చెబుతారు. ఇన్నేళ్ళూ ఆ మాట పక్క బెంచీవాళ్ళకి చెబుతున్నారనుకునేదావిడ.

ముందుగదిలో కొడుకు లాయిడ్ కుర్చీలోంచి కదల్లేదు. అతని ఎదురుగా టేబిలు మీద తువ్వాలు కప్పి ఉంది. దాని కింద తొమ్మిది ఫోటోలు. శుక్రవారం సాయంత్రం ఓడ దిగి ఇంటికొచ్చి, ఆ ఫోటోల పెట్టె మూత తీసి చూసినప్పటి నుంచి అతను ఈ ఇంట్లో అన్నం ముట్టలేదు. జంక్షన్‌లో టీ, బన్నుతో రోజులు వెళ్ళదీస్తున్నాడు.

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. నిన్న సాయంత్రం పెళ్ళాన్ని పిలిచి, తాపీగా, పొరుగువాళ్ళతో మాట్లాడినట్టు, కొన్నాళ్ళు ఫెరార్గంజ్‌లో మీ వాళ్ళింటికి వెళ్ళు అన్నాడు. ఫేబే సరేనంది. పదకొండు గంటల బస్సుకి ప్రయాణం.

ప్రేమావతి కోడలి వెనకాలే వంటింట్లోకి వెళ్ళింది.

"వెళ్ళొద్దే ఫేబే. కోపంలో అన్నాడు."

"కోపంలో అయితే అరిచీవోరు అత్తమ్మా. అరవలేదు కదా." ఫేబే టీ వడకడుతూ అంది. "పొమ్మన్నచోట ఎలాగుంటాను, మీరే చెప్పండి."

"నేను చెప్పీస్తాను. ఈరోజు చెప్పీస్తాను వాడికి."

ఫేబే తలెత్తి అత్తగారిని చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు. ఉన్నా కాస్త ఓర్చుకోగలిగేది ప్రేమావతి.

"మీరు చెప్పండని నేనడగను. వద్దనీ అనను. పెట్టె తాళం మీ చేతికిచ్చింది నేనే, మత్లబ్... అంటే, నాదీ ఉంది తప్పు. మీకూ ఆయనకీ మధ్యన ఉన్నది మీకే తెల్సు. అందులోకి నేను రాను."

అంతే. ఫేబే గ్లాసుల్లో టీ పొయ్యడానికి అటు తిరిగింది.

*

ఆ ఫోటోల సంగతి అర్థం చేసుకోవడానికి ప్రేమావతికి పన్నెండేళ్ళు పట్టింది. అర్థమైందనుకున్న నెలలోనే ఈ పని చేసింది.

లాయిడ్ ద్వీపాల మధ్య తిరిగే ఓడలో ఎలక్ట్రీషియను. పన్నెండేళ్ళ క్రితం ఓ తెల్లావిడ ఆ ఓడలో నాన్‌కౌరీ వైపు వెళ్తూ కెరటాలకి డోకులతో పడిపోయింది. వయసులో ఉన్నప్పుడు పెద్ద పెద్ద రాక్ బృందాల వెంట తిరిగి ఫోటోలు తీసినావిడట. లాయిడ్ ఆవిడకి రెండు రోజులు నిమ్మరసం ఇచ్చాడు, ఉప్పుగాలికి పాడైన కెమెరా చార్జరు బాగుచేసిపెట్టాడు. ఆవిడ వాళ్ళ ఊరెళ్ళాక పోస్టులో ఓ ఫోటో పంపింది. పాట కచేరీ అయిపోయాక డ్రమ్ములు వాయించే ఓ మనిషి, మెడలో తువ్వాలుతో, మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంటాడు. మోకాలి పక్కన అతని సంతకం వెండిరంగు సిరాతో. కింద తెల్ల అంచు మీద ఆవిడ సంతకం, పెన్సిల్‌తో ఓ అంకె, గీత, మరో అంకె. ఏడు, యాభై.

యాభై ప్రతులే అచ్చు వేశారని, ఇది అందులో ఏడోదని, ఇంక ఎప్పటికీ యాభై ఒకటోది ఉండదని లాయిడ్ తల్లికి చెప్పాడు. ప్రపంచంలో మిగతా నలభై తొమ్మిదీ ఎక్కడెక్కడి గొప్పవాళ్ళ ఇళ్ళలోనో ఉంటాయి, ఏడోది డాలీగంజ్‌లో మనింట్లో ఉంది అని నవ్వాడు. అప్పటి నుంచి ఏడాదికో, ఏడాదిన్నరకో ఒకటి తెప్పించుకునేవాడు. అన్నీ అలాంటివే, సంతకంతో, నంబరుతో. తొమ్మిదయ్యాయి. పడౌక్ చెక్కతో పలచటి పెట్టె చేయించి, ఓడలో సామాన్ల డబ్బాల్లో దొరికే తేమ పీల్చే పొట్లాలు అందులో పరిచి దాచుకున్నాడు. గోడకి పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణం తేమ అని ఫేబేకి చెప్పాడు. అసలు కారణం ప్రేమావతికి తెలుసు.

లాయిడ్‌కి పంతొమ్మిదేళ్ళప్పుడు అతని గది గోడ నిండా ఇలాంటి వాళ్ళ పోస్టర్లే. జుట్లు, గిటార్లు, బూట్లు. ఆ ఏడాది చర్చిలో జరిగిన ఉజ్జీవకూటాలకి మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన ఓ ప్రసంగీకుడు, ఆ బొమ్మలు ఇంట్లో ఉంటే సైతానుకి తలుపు తీసినట్టేనన్నాడు. ప్రేమావతి ఇంటికొచ్చి పోస్టర్లూ క్యాసెట్లూ పెరట్లో కొబ్బరిడొక్కల మంటలో వేసింది. కొడుకు ఐటీఐ నుంచి వచ్చేసరికి ఇంకా పొగ వస్తోంది. ఆవిడ పశ్చాత్తాపపడలేదు, పైగా దేవుడి పని చేశానని కీర్తన అందుకుంది.

మూడేళ్ళు. మూడేళ్ళ పాటు లాయిడ్ ఆవిడని 'అమ్మా' అని పిలవలేదు. ఇంట్లోనే ఉన్నాడు, పెట్టింది తిన్నాడు, జీతం రాగానే తెచ్చిచ్చాడు. మాట మాత్రం తండ్రితోనే. అన్నం చాలన్నా, చొక్కా చిరిగిందన్నా దేవప్రసాదే మోసుకొచ్చేవాడు. పాపం ఆయన ఆ మూడేళ్ళూ ఒకే ఇంట్లో పోస్టుమాన్ ఉద్యోగం చేశాడు. ఆయన్ని సమాధి చేసిన రోజు కూడా ఇలాంటి వానే. గొయ్యి పక్కన తడుస్తూ నిలబడ్డ ప్రేమావతిని, "అమ్మా, గొడుగు కిందికి రా" అన్నాడు లాయిడ్. ఆ రాత్రి ఆవిడ బైబిలు మీద చెయ్యేసి ఒట్టేసింది, నీ వస్తువు ఇంకెప్పుడూ నా చేత్తో ముట్టనని.

ఆ ఒట్టు పదిహేనేళ్ళు నిలబెట్టుకుంది. నిలబెట్టుకోవడమే కాదు, ఆ గిటార్ల వాళ్ళంటే నెమ్మదిగా ఓ రకమైన ఇష్టం కూడా ఏర్పడింది. మెట్ల మీద కూర్చున్న డ్రమ్ములాయన మొహం, పని ముగించి జెట్టీ మెట్ల మీద కూర్చునే దేవప్రసాద్ మొహంలాగే ఉంటుందని ఎవరితోనూ అనలేదు కానీ, అనుకునేది.

ఈసారి లాయిడ్ సెయిలింగ్‌కి వెళ్ళిన నాలుగోరోజు ఫేబే పొట్లాలు మార్చడానికి పెట్టె తీసింది. డ్రమ్ములాయన ఫోటో మూల మీద బూడిదరంగు చుక్కలు. బూజు. మిగతావాటిలో రెండింటికి కూడా పాకింది. లాయిడ్‌కి ఫోను కలవలేదు, ఓడ నికోబార్ వైపు ఉంది. వాన తెరిపివ్వడం లేదు. ఫేబే మర్నాడు పొద్దున్నే స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్తూ, కాస్త గాలి తగలనివ్వండని తాళం అత్తగారి చేతిలో పెట్టింది.

ప్రేమావతి ఆ బూజు చూసి వణికిపోయింది. కాగితానికి బూజు పట్టడమంటే ఏమిటో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. సునామీ నాటికి వాళ్ళు ఇంకా డాలీగంజ్ రాలేదు, నికోబార్ వైపు క్యాంప్‌బెల్ బేలో ఉండేవారు. ఇంట్లోకి వచ్చిన నీళ్ళు తీశాక ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ పిండిముద్దయిపోయాయి. రేషన్ కార్డు, పెళ్ళి సర్టిఫికెట్టు, దేవప్రసాద్ సర్వీసు కాగితాలు. మేము మేమేనని చెప్పుకోవడానికి రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ ముద్దలో ఒక్కటే ఒక్కటి చెక్కుచెదరకుండా దొరికింది. లాయిడ్ పదో తరగతి మార్కుల లిస్టు. ముందు ఏడాది ముచ్చటపడి లామినేషన్ చేయించింది, పదునుగా ఉన్న మూలలు పిల్లాడి చేతికి గుచ్చుకుంటాయని బట్టలు కుట్టుకునే కత్తెరతో గుండ్రంగా కత్తిరించింది కూడా. ఆ కాగితమే తరవాత వాడికి ఉద్యోగం తెచ్చిపెట్టింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో లామినేషన్ కాని కాగితం లేదు. ద్వీపవాసులమని చెప్పే ఐలాండ్ కార్డులు, బాప్తిస్మం సర్టిఫికెట్లు, కరెంటు మీటరు కాగితం, ఆఖరికి చర్చి పిక్నిక్ ఫోటో. అన్నిటికీ మూలలు గుండ్రం.

అందుకే ఆవిడ రెండోసారి ఆలోచించలేదు. పెట్టె చంకన పెట్టుకుని, ప్లాస్టిక్ షీటు కప్పుకుని, వానలో జంక్షన్‌కి నడిచింది. జిరాక్సు షాపు జోగులు ఆవిడకి ఇరవయ్యేళ్ళ పరిచయం. ఫోటోలు పెద్దవి, నా మెషీన్‌లో పట్టవు, చుట్టూ తెల్లంచు తీసేస్తే పడతాయన్నాడు. బొమ్మ ఎక్కడా తెగదు కదా అని ప్రేమావతి నాలుగుసార్లు అడిగింది. బొమ్మకి అర అంగుళం ఇవతలే కోస్తానన్నాడతను, అన్నమాట ప్రకారమే కోశాడు. ఆ పెన్సిల్ గీతలు ఫోటోలు అమ్మిన షాపువాడు రాసుకున్న గుర్తులేమోలే అనుకుంది. ఏడు, యాభై అని కొడుకు నవ్వుతూ చెప్పిన మాట ఆ నిమిషంలో ఆవిడకి గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి కత్తెర తీసుకుని ముప్పయ్యారు మూలలూ గుండ్రంగా కత్తిరించింది. కత్తిరిస్తూ కూనిరాగం తీసింది. ఒకప్పుడు ఈ చేతులతోనే కాల్చాను, ఇప్పుడు ఈ చేతులతోనే కాపాడాను, ఇక ఆ పాత లెక్క చెల్లింది అనుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సంగతి సాయంత్రం ఫేబే వచ్చేదాకా ఆవిడకి తెలీదు.

ఫేబే ఫోటోలు చూసి కుర్చీలో కూలబడిపోయింది. వేడికి వెండిసిరా చెదిరి డ్రమ్ములాయన సంతకం మబ్బు కమ్మినట్టయింది. నంబర్లు లేవు. నంబరు లేని ఫోటో మామూలు బొమ్మేనని, ఊడదీస్తే ఉన్న బొమ్మ కూడా ప్లాస్టిక్‌తో పాటు ఊడొస్తుందని కోడలు నెమ్మదిగా చెప్పింది. చెప్పి, "నన్నడగాల్సింది అత్తమ్మా" అని ఒక్కమాట అంది.

శుక్రవారం లాయిడ్ పెట్టె మూత తీసి చాలాసేపు నిలబడ్డాడు. ఒక ఫోటో పైకి తీసి, వేలితో అంచు తడిమి, మళ్ళీ పెట్టాడు. తాళం ఎవరి దగ్గరుందని అడిగాడు. నా దగ్గరేనంది ఫేబే. అది నిజమే. నీకు తెలీదా అని అడిగాడు. ఫేబే వంటింటి వైపు చూసింది. అక్కడ ప్రేమావతి చేతికి పిండితో, తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది. నోరు తెరిచింది, మాట రాలేదు. ఫేబే తల దించుకుంది. లాయిడ్ ఇంకేమీ అడగలేదు.

ఆ ఒక్క క్షణం మాట్లాడి ఉంటే. ప్రేమావతి రెండు రోజులుగా అదే తలుచుకుంటోంది.

ఆ తరవాత ప్రయత్నించలేదని కాదు. శుక్రవారమే వాడి గదిలోకి వెళ్ళి, నాయనా ఆ ఫోటోలు అని మొదలుపెట్టింది. తలనొప్పిగా ఉందన్నాడు. శనివారం పొద్దున్న జోగులు షాపుకి పరిగెత్తి, కోసిన అంచులు ఇమ్మంది. చెత్త ఎప్పుడో కాల్చేశామన్నాడతను. మెషీన్ కింద దూరిన ఒక్క ముక్క మాత్రం చీపురుపుల్లతో లాగి ఇచ్చాడు. వేలెడంత తెల్ల కాగితం. ఏడు, యాభై, పక్కన తెల్లావిడ సంతకం. అది బైబిల్లో పెట్టుకుని ఇంటికొచ్చి మళ్ళీ కొడుకు దగ్గరికి వెళ్ళింది. "అమ్మా, నువ్వు దీంట్లోకి రాకు" అన్నాడు. మెత్తగానే అన్నాడు. తల్లిని బాధపెట్టడం ఇష్టంలేక అలా అంటున్నాడనుకుని ఆవిడ ఇంకా కుంగిపోయింది.

*

పదిన్నరకి ప్రేమావతి టీ గ్లాసు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. లాయిడ్ గ్లాసు అందుకుని పక్కన పెట్టాడు.

"బల్ల కదా ఈరోజు. వెళ్ళలేదేం?"

"వెళ్ళలేకపోయేను నాయనా. నీతో ఒక మాట చెప్పకుండా..."

"అమ్మా, ఆ నల్ల గొడుగు ఎక్కడుంది?" అన్నాడు వెంటనే. "మళ్ళీ వాన పడేలాగుంది. ఫేబేకి ఇవ్వు."

పొమ్మన్నవాడికి తడుస్తుందన్న చింత ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. గొడుగు తలుపు వెనక మేకుకి ఉంది. ఆవిడ తీసేలోపే ఫేబే సంచి భుజాన వేసుకుని వచ్చింది. వాన కాసేపు ఆగింది, ఈ తెరిపిలోనే వెళ్ళిపోతానంది. గొడుగు అక్కర్లేదంది. భర్త వైపు తిరిగి, మందుబిళ్ళలు అలమరలో ఉన్నాయి, రోజూ వేసుకోండి అని చెప్పింది. లాయిడ్ తలూపాడు. అతను తల ఎత్తి చూస్తాడేమోనని ఫేబే ఒక నిమిషం ఆగింది. చూడలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని, వెళ్ళొస్తానంది.

వెళ్ళొస్తానంది, వెళ్తాననలేదు. ప్రేమావతి ఆ మాట పట్టుకుని మెట్ల దాకా నడిచింది. ఫేబే గేటు తీసి, తిరిగి గడియ వేసి, బురదలో చూసుకుంటూ జంక్షన్ వైపు వెళ్ళిపోయింది.

ఆవిడ ఖాళీ గేటునే చూస్తూ నిలబడింది. నాలుగేళ్ళ క్రితం ఆ గేటు లోంచే ఈ పిల్ల పెళ్ళికూతురై వచ్చింది. ఒక్కరోజు ఎదురు చెప్పలేదు. ఇప్పుడు నా పాపం మోసుకుంటూ బస్సు కోసం రోడ్డు మీద నిలబడబోతోంది. నేను ఇంట్లో, ఫ్యాను కింద, తల్లినని కూర్చుంటాను. ప్రేమావతికి తన మీద తనకే అసహ్యం వేసింది. గిర్రున వెనక్కి తిరిగి ముందుగదిలోకి వచ్చింది.

"నాయనా, నేనే చేయించేను."

"అమ్మా, వద్దు."

"జోగులు షాపుకి నేనే పట్టుకెళ్ళేను. ఫేబే స్కూల్లో ఉంది అప్పుడు, దానికేం తెలీదు. అంచులు కొయ్యమన్నదీ నేనే."

"వద్దన్నాను కదమ్మా."

అది కోపం కాదు. బతిమాలుతున్న గొంతు. ఆవిడ బైబిల్లోంచి ఆ తెల్ల ముక్క తీసి టేబిలు మీద, అతని చేతి పక్కన పెట్టింది. ఇదొక్కటే దొరికిందని చెప్పింది. కాల్చినట్టు కాదు నాయనా, ఈసారి కాపాడదామనే చేశానని చెప్పింది. ఒట్టు తప్పానని, ఏమన్నా అనమని, కావాలంటే మళ్ళీ మాట్లాడడం మానెయ్యమని, ఆ పిల్లని మాత్రం వెనక్కి పిలవమని చెప్పింది. చెబుతుంటే ఆవిడకి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఒకటి గమనించింది. లాయిడ్ మొహంలో ఆశ్చర్యం లేదు.

అతను తువ్వాలు తీశాడు. డ్రమ్ములాయన ఫోటో చేతిలోకి తీసుకుని మూల మీద బొటనవేలు పెట్టాడు. జేబులోంచి పర్సు తీసి, తన ఐలాండ్ కార్డు పక్కన పెట్టాడు. ఫోటో మూల గుండ్రం. కార్డు మూల గుండ్రం. రెండింటి కోతా ఒకటే చెయ్యి.

"ఈ ఇంట్లో ఇలాగ ఇంకెవరు కత్తిరిస్తారమ్మా?"

ప్రేమావతి ఆ రెండు మూలల్నీ మార్చి మార్చి చూసింది.

"పెట్టె తీసిన నిమిషానే తెల్సింది నాకు."

"మరి... తెలిసీ ఆ పిల్లని ఎందుకు పొమ్మన్నావురా?"

లాయిడ్ ఫోటోని కార్డు పక్కనే టేబిలు మీద పెట్టాడు. బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.

"ఫేబే చేసిందనుకుంటే కోపపడతాను, పది రోజులు మాట్లాడను, ఫిర్ ఠీక్ హో జాయేగా, అంతా సర్దుకుంటుంది. నువ్వు చేసేవంటే నేనేం చెయ్యాలి? అప్పుడు మూడేళ్ళు పట్టింది నాకు. అప్పుడు నాన్న ఉన్నారు, మధ్యన మాటలు మొయ్యడానికి. ఇప్పుడు ఎవరున్నారు? నిన్ను చూస్తే ఆ పొగ వాసనే వస్తోంది శుక్రవారం నుంచి. అయినా నిన్ను అమ్మా అనకుండా మళ్ళీ బతకడం నావల్ల కాదు. నువ్వు చెప్పకుండా ఉంటే చాలనుకున్నాను. చెప్పబోతే రెండు రోజులూ ఆపేను. ఏటికి చెప్పేవు?"

అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకుంటారని అందరికీ తెలిసిందే. ఇక్కడ తల్లి మీది కోపం పెళ్ళాం మీద పెట్టాడు, తల్లిని దక్కించుకోవడానికి. ప్రేమావతికి ఆ మాట వినగానే, ఒక్క క్షణం, వీడికి నేనంటే ఇంత ప్రాణమా అని గుండె నిండిపోయింది. ఆ సంతోషాన్ని తలుచుకుని ఆవిడ తరవాత ఎన్ని రోజులు కుమిలిపోయిందో ఆవిడకే తెలుసు. ఎందుకంటే సరిగ్గా ఆ క్షణంలోనే తల తిప్పితే, గుమ్మంలో ఫేబే ఉంది.

జుట్టు తడిసింది. భుజాన సంచి అలాగే ఉంది. ఎంతసేపయిందో వచ్చి.

"గొడుగు కోసం వచ్చేను," అంది.

లాయిడ్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జరిగి గోడకి తగిలింది. ఫేబే అతన్ని చూడలేదు, టేబిలు మీద పక్కపక్కనే ఉన్న ఫోటోనీ కార్డునీ చూసింది.

"మీకు తెలీదనుకున్నాను నేను," అంది. గొంతు పెంచలేదు. "తెలీక పొమ్మన్నారు, తెలిసిన్నాడు వచ్చి తీసుకెళ్తారు అనుకున్నాను. అందుకే రెండే చీరలు పెట్టుకున్నాను."

"ఫేబే, అది కాదు..."

"నామీద కోపపడితే ఠీక్ హో జాయేగా అన్నారు కదా. విన్నాను."

ప్రేమావతి ముందుకి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. తప్పంతా నాదేనని, వాడి బుద్ధి మందగించిందని, లోపలికి రమ్మని ఏదేదో అంది. నిజం చెప్పేస్తే ఇల్లు నిలబడుతుందనుకుంది పొద్దున్న. రెండు రోజులు నోరు మూసుకున్నదానివి, ఇంకో పది నిమిషాలు మూసుకుని ఉంటే ఈ పిల్ల బస్సెక్కి, వారానికి తిరిగొచ్చేది కదా అని లోపల ఎవరో పొడుస్తున్నారు. చెప్పకపోయినా పాపమే, చెప్పినా పాపమే అయితే మనిషి ఏం చెయ్యాలి ప్రభువా అనుకుంది.

ఫేబే మెల్లిగా చెయ్యి విడిపించుకుంది. సంచి నేల మీద పెట్టి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. మూడో చీర తెచ్చింది. నాలుగోదీ, స్కూలుకి కట్టుకునేవీ తెచ్చింది. వంగి సంచిలో సర్ది, జిప్పు పట్టకపోతే మోకాలితో అదిమి లాగింది. లాయిడ్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"అత్తమ్మా, నా కాగితాలు ఇచ్చీండి."

ప్రేమావతికి ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. వంటింటి అలమరలో బిస్కెట్ల డబ్బాలో, తాళం వేసి, ఈ ఇంటి కాగితాలన్నీ ఉంటాయి. అందులో ఫేబేవి నాలుగు. డిగ్రీ, బాప్తిస్మం, ఐలాండ్ కార్డు, పెళ్ళి సర్టిఫికెట్టు. పెళ్ళయిన వారంలోనే ప్రేమావతి తనే లామినేషన్ చేయించి, కొత్త కోడలి చేతికి గుచ్చుకోకూడదని మూలలు గుండ్రంగా కత్తిరించి దాచింది. పుట్టింటికి పది రోజులు వెళ్ళే ఆడపిల్లకి అవేవీ అక్కర్లేదు.

ఆవిడ చెయ్యి నడుము దగ్గర దోపుకున్న తాళంచెవి మీదికి వెళ్ళి ఆగిపోయింది. కొడుకు వైపు చూసింది, ఒక్క మాట అంటాడేమోనని. లాయిడ్ నోరు తెరిచాడు. శుక్రవారం వంటింట్లో తను తెరిచినట్టే తెరిచాడు, మాట రాలేదు.

జంక్షన్‌లో పదకొండు గంటల బస్సు హారన్ వినిపించింది. ఫేబే కదల్లేదు.

"ఇది పోతే ఇంకోటి వస్తుంది," అంది చెయ్యి చాపి. "వెదికి తియ్యండి. నాలుగూ."